హంతకుడెవరో తెలిశాక కూడా

బాంగ్ జూన్ హో దర్శకత్వం వహించిన ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ను ఇటీవల మరొకసారి చూశాను. 2003లో ఆ సినిమా విడుదలయ్యే నాటికి, దానికి ఆధారమైన హ్వాసాంగ్ హత్యలు ఎవరు చేశారో దక్షిణ కొరియా పోలీసులకు తెలియదు. సియోల్‌కు దక్షిణాన ఉన్న ఆ పల్లె ప్రాంతంలో 1986 సెప్టెంబరు నుంచి 1991 ఏప్రిల్ వరకు పది మంది స్త్రీలు హత్యకు గురయ్యారు. వారిలో 13 ఏళ్ల బాలిక ఉంది, 71 ఏళ్ల వృద్ధురాలూ ఉంది. 2006లో చివరి హత్యకు కూడా కేసు నడపడానికి చట్టం విధించిన కాలపరిమితి తీరిపోయింది. ఆ తర్వాత 13 ఏళ్లకు, భద్రపరచిన వస్తువుల మీద దొరికిన డీఎన్‌ఏ లీ చూన్ జే అనే ఖైదీ డీఎన్‌ఏతో సరిపోయింది. సొంత మరదలిని 1994లో చంపిన నేరానికి అతడు అప్పటికే బూసాన్ జైల్లో యావజ్జీవ శిక్ష అనుభవిస్తున్నాడు. హ్వాసాంగ్ హత్యలతో కలిపి మొత్తం 14 హత్యలు తానే చేశానని ఒప్పుకున్నాడు.

అంటే ఇప్పుడా సినిమా చూసేవారికి, అందులోని పోలీసులు సినిమా చివరిదాకా తెలుసుకోలేకపోయిన విషయం ముందే తెలుసు. అయినా ఉత్కంఠ సడలదు. వానలో తడుస్తూ ఆ ఇద్దరు డిటెక్టివ్‌లు పొలం గట్ల వెంట పరుగెత్తుతుంటే ఊపిరి బిగబట్టే చూస్తాం. సీరియల్ కిల్లర్‌ను పోలీసులు వేటాడే కథలు మనల్ని ఎందుకు ఇంతగా పట్టుకుంటాయన్న ప్రశ్నకు సాధారణంగా వినిపించే సమాధానాలు నాకు చాలవని అనిపించింది అక్కడే. హంతకుడెవరన్న కుతూహలమే అసలు కారణమైతే, ఆ కుతూహలం తీరిపోయాక సినిమా చప్పబడాలి. భయాన్ని భద్రంగా అనుభవించడమే కారణమైతే దయ్యాల సినిమాలు చాలు. చెడు మనసు లోపల ఏముంటుందో చూడాలన్న కోరికే కారణమైతే, హంతకుడి ముఖమే సరిగా చూపించని ఈ సినిమా మనకేమీ ఇవ్వకూడదు.

నా అభిప్రాయం ఇది. ఈ కథల ఆకర్షణ హంతకుడిలో లేదు, అతడి క్రూరత్వంలోనూ లేదు. ఎవరికీ పెద్దగా తెలియని ఒక మనిషి చనిపోతే, ఆ మరణం గురించి మరొక మనిషి నిద్రాహారాలు మాని ఆలోచించడమనే దృశ్యంలో ఉంది. ఒక గోడ నిండా ఫొటోలు, వాటి ముందు రాత్రంతా కూర్చున్న ఒక అధికారి, ఎప్పుడో మూడేళ్ల కిందటి పాత ఫైలు తెప్పించి ‘ఈ అమ్మాయి కూడా’ అనే క్షణం. నిజ జీవితంలో మనకు అతి అరుదుగా దొరికేది అదే. అది దొరుకుతుందన్న ఆశకే మనం టికెట్టు కొంటున్నామని నా నమ్మకం.

బందోబస్తు లేని పోలీసులు

మా మేనమామ హెడ్ కానిస్టేబుల్‌గా పదవీ విరమణ చేశారు. మా ఇంట్లో అందరం కలిసి ఇలాంటి తెలుగు థ్రిల్లర్ ఒకటి చూస్తున్నప్పుడు ఆయన చాలాసేపు మౌనంగా చూసి, చివరికి ఒకే ఒక మాట అడిగారు: “వీళ్లకు బందోబస్తు డ్యూటీలుండవా?” ఆయన వెటకారంగా అడగలేదు. ఒక్క కేసు మీద ఒక ఇన్‌స్పెక్టరు వారాల తరబడి ఉండగలగడమే ఆయనకు ఆ సినిమాలో అన్నిటికన్నా నమ్మశక్యం కాని విషయంగా తోచింది. జాతర, మంత్రిగారి పర్యటన, ఎన్నికలు, వినాయక నిమజ్జనం, వీటి మధ్య దొరికిన సమయంలోనే దర్యాప్తు జరుగుతుందని ఆయన చెప్పారు. ఆయన అనుభవంలో మూసేసిన ఫైళ్లు తక్కువ, కొత్త ఫైళ్ల కింద పడి అడుగుకు చేరిపోయినవే ఎక్కువ. ఎవరూ కావాలని వదిలేయరు, పైన మరొకటి వచ్చి పడుతుంది.

ఆయన మాట విన్న తర్వాతే ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’లోని ఒక ఘట్టం బరువు నాకు పూర్తిగా తెలిసింది. ఆ రాత్రి మరో హత్య జరగవచ్చని డిటెక్టివ్‌లకు అర్థమవుతుంది. అదనపు బలగాలు పంపమని అడుగుతారు. బలగాలన్నీ ప్రదర్శనలను అణచడానికి సువాన్ నగరానికి వెళ్లాయని జవాబు వస్తుంది. సైనిక పాలన చివరి ఏళ్లవి. పౌర రక్షణ అభ్యాసం పేరిట సైరన్ మోగగానే ఊరంతా దీపాలు ఆర్పేసే దృశ్యం కూడా అందులో ఉంది, ఆ చీకటిలోనే ఒక ఆడపిల్లను హంతకుడు ఎత్తుకుపోతాడు. హంతకుడి గొప్పతనం గురించి ఆ సినిమా ఒక్క ముక్క కూడా చెప్పదు. అతడికి దొరికిన చీకటి ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం వివరంగా చెబుతుంది.

హ్వాసాంగ్ దర్యాప్తులో శ్రమకు లోటు లేదన్నది కూడా నిజమే. 20 లక్షలకు పైగా పోలీసు పనిదినాలు ఖర్చయ్యాయి, 21 వేల మందికి పైగా విచారించారు. లీ చూన్ జేను కూడా ఆ రోజుల్లోనే ప్రశ్నించి వదిలేశారు. హంతకుడి రక్తం బి గ్రూపు అని నమ్మడం, ఇతడిది ఓ గ్రూపు కావడం అందుకు ఒక కారణం. అంత వెతుకులాటలో సరైన మనిషి చేతికి చిక్కి జారిపోయాడు. వెతకడం వేరు, వెతుకుతున్నామని చూపించుకోవడం వేరు అని ఆ అంకెలు చూసినప్పుడు అనిపిస్తుంది. కానీ అలా అనడం కూడా పూర్తిగా న్యాయం కాదేమో. ఉన్న శాస్త్రీయ సాధనాలు అంతే, నమూనాలను పరీక్షించే పద్ధతులు అప్పటికి ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

లెక్కలోకి రాని పిల్లలు

నా వాదనకు అన్నిటికన్నా బలమైన ఆధారం హ్వాసాంగ్‌లోనే ఉంది, అయితే అది ఆ పది హత్యల జాబితాలో లేదు. 1989 జులైలో అక్కడ ప్రాథమిక పాఠశాల నుంచి ఇంటికి బయలుదేరిన ఒక చిన్న పిల్ల కనిపించకుండా పోయింది. దాన్ని మామూలు అదృశ్యం కేసుగానే చూశారు. ఆ పిల్ల వస్తువులు కొన్ని నెలలకే దొరికినా ఆ సంగతి తల్లిదండ్రులకు చెప్పలేదని, 30 ఏళ్ల తర్వాత, లీ చూన్ జే ఆ హత్యను కూడా ఒప్పుకున్నాక జరిగిన దర్యాప్తులో బయటపడింది. ఊరంతా పోలీసులే ఉన్న రోజుల్లో, దేశమంతా సీరియల్ కిల్లర్ గురించి మాట్లాడుకుంటున్న కాలంలో, ఆ పిల్ల లెక్కలోకే రాలేదు. ఆ తల్లిదండ్రులు మూడు దశాబ్దాలు తమ బిడ్డ ఎక్కడో బతికి ఉందేమో అనుకుంటూ గడిపి ఉంటారన్నది తలచుకుంటే, సినిమాలో చూపే ఏ హింస కన్నా అదే నాకు భయంకరంగా ఉంటుంది.

ఇది కొరియాకే పరిమితమైన కథ కాదని తెలంగాణలో ఉన్నవారికి వేరే చెప్పనక్కర్లేదు. 2019 ఏప్రిల్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా హాజీపూర్‌లో, బడి నుంచి ఇంటికి వస్తూ మాయమైన ఒక బాలిక మృతదేహం బావిలో దొరికింది. ఆ తర్వాతే, అంతకు నెల ముందు కనిపించకుండా పోయిన కళాశాల విద్యార్థిని ఆచూకీ తెలిసింది. ఆ తర్వాతే, 2015లో పక్క ఊరి నుంచి కనిపించకుండా పోయిన 11 ఏళ్ల పిల్ల అవశేషాలు బయటపడ్డాయి. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నిందితుడికి మరణశిక్ష విధించింది. అంటే 2015లో మాయమైన ఆ పిల్ల నాలుగేళ్లపాటు ‘కనిపించకుండా పోయిన బాలిక’గానే మిగిలింది. తప్పిపోయిన పిల్లల గురించి వచ్చే ప్రతి ఫిర్యాదునూ ఎఫ్‌ఐఆర్‌గా నమోదు చేయాలని సుప్రీంకోర్టు 2013లోనే ఆదేశించింది. కాగితం మీద కేసు కట్టడానికీ, ఆ కేసు ఒక మనిషి మనసులో నిలిచి ఉండడానికీ మధ్య ఉన్న దూరమే అసలు సమస్య అని నాకనిపిస్తుంది. జిల్లా పేజీలో రెండు అంగుళాల జాగాలో వచ్చే ‘యువతి అదృశ్యం’ వార్తల్లో తర్వాత ఏం జరిగిందో మనలో ఎంతమందిమి తెలుసుకోగలుగుతున్నాం?

థ్రిల్లర్ ఆ దూరాన్ని చెరిపేస్తుంది. అందులో ఏ కాగితమూ అడుగుకు చేరదు. ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుంటారు. ‘పదేళ్ల కిందట ఇలాంటిదే ఇంకొకటి జరిగింది సార్’ అని ఒక ముసలి కానిస్టేబుల్ అనగానే హాల్లో మన వెన్ను నిటారవుతుందే, అప్పుడు మనం స్పందిస్తున్నది ఆధారం దొరికినందుకు మాత్రమే కాదు. ఒక మనిషి మరణం పదేళ్లు మరొకరి మనసులో ఉండిపోయిందని తెలిసినందుకు కూడా.

హంతకుడు మేధావి అనే కట్టుకథ

మరి ఈ తరహా సినిమాల్లో చాలావాటిలో హంతకుడే కథానాయకుడికి సమానమైన మేధావిగా ఎందుకుంటాడు? పోలీసులకు చిట్టీలు పంపుతాడు, పజిళ్లు విసురుతాడు, ప్రతి హత్యకూ ఒక అర్థం ఉంటుంది. నా వాదన నిజమైతే ఇవేవీ అక్కర్లేదు కదా అని ఎవరైనా అడగవచ్చు. నాకు తోచిన జవాబు ఏమిటంటే, అంతటి మేధావి అయితే తప్ప మన వ్యవస్థకు అతడు దొరక్కుండా ఉండడం సాధ్యం కాదని నమ్మడం మనకు సౌకర్యంగా ఉంటుంది. అతడు మామూలు మనిషే అయితే, అన్నాళ్లు దొరక్కపోవడానికి కారణం మనమే అవుతాం.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ 2005లో నిపుణులతో జరిపిన సదస్సు ఆధారంగా 2008లో ఒక నివేదిక వెలువరించింది. సీరియల్ హంతకులందరూ పిచ్చివాళ్లో దుష్ట మేధావులో అన్నది అపోహ అని అందులో స్పష్టంగా చెప్పింది. ఇలాంటి హత్యలు ఏ ఏడాదైనా మొత్తం హత్యల్లో ఒక శాతం కన్నా తక్కువేనని కూడా అందులో ఉంది. దానికన్నా నాకు ముఖ్యంగా కనిపించేది ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ ఉదంతం. పీటర్ సట్‌క్లిఫ్ 1975 నుంచి 1980 వరకు 13 మంది స్త్రీలను చంపాడు. ఆ కాలంలో పోలీసులు అతడిని తొమ్మిది సార్లు ప్రశ్నించారు. వారి దగ్గర సమాచారం తక్కువై కాదు, చేత్తో రాసిన కార్డులు గుట్టలుగా పెరిగిపోయి, ఒక కార్డులోని విషయం మరో కార్డులోని విషయంతో కలవలేకపోయింది. చివరికి 1981 జనవరిలో అతడు చిక్కింది కారుకు దొంగ నంబరు ప్లేట్లు ఉన్నందుకు.

ఈ ఉదంతంలో ఇంకొక సంగతి ఉంది, అది థ్రిల్లర్లను ఇష్టపడే ప్రతి ఒక్కరూ ఆలోచించాల్సింది. 1979లో పోలీసులకు ఒక టేపు వచ్చింది. అందులో ఒక గొంతు తానే హంతకుడినని, మీరు నన్ను పట్టుకోలేరని సవాలు విసిరింది. దర్యాప్తు అధికారులు దాన్ని నమ్మారు. ఆ గొంతులోని యాసను బట్టి, ఆ యాస లేనివారిని అనుమానితుల్లోంచి తప్పించారు. సట్‌క్లిఫ్‌ది ఆ యాస కాదు. ఆ టేపు సంబంధం లేని మరొక మనిషి చేసిన మోసమని చాలా ఏళ్ల తర్వాత రుజువైంది. టేపు వచ్చాక మరో ముగ్గురు స్త్రీలు హత్యకు గురయ్యారు. హంతకుడు పోలీసులతో ఆట ఆడతాడనే కథ అధికారుల మనసుల్లో ముందే లేకపోతే ఆ టేపుకు అంత విలువ వచ్చేదా అన్నది నా సందేహం. కథలు కేవలం కథలేనని, వాటి వల్ల ఎవరికీ ఏమీ కాదని వాదించేవారికి నేను ఇచ్చే జవాబు ఇదే.

ఒక ఆక్షేపణ, దానిలోని నిజం

ఈ వ్యాసం రాయబోతున్నానని చెప్పినప్పుడు ఒక స్నేహితురాలు సూటిగా అడిగింది: “చనిపోయిన మనిషిని పట్టించుకోవడమే ఈ సినిమాల సారమంటున్నావు. మరి నాలుగో అమ్మాయి పేరేమిటో ఏ సినిమాలోనైనా నీకు గుర్తుందా?” నేను చెప్పలేకపోయాను. ఆమె ఆక్షేపణ న్యాయమైనది. మొదటి శవాన్ని కెమెరా చూసే తీరులోనే చాలా సినిమాల బుద్ధి తెలిసిపోతుంది. ఆ అమ్మాయి ఏం చదివేది, ఎవరికి ఏం చెప్పి ఇంట్లోంచి బయలుదేరింది అన్నవాటికి రెండు నిమిషాలు కేటాయించలేని దర్శకుడు, ఆమె ఒంటి మీది గాయాలను మాత్రం తీరిగ్గా చూపిస్తాడు. యార్క్‌షైర్‌లో పోలీసులు బాధితుల్లో కొందరిని ‘అమాయకులు’ అన్నప్పుడు, మిగతావారు అమాయకులు కాదనే అర్థం వచ్చింది. ఆ భాషకు 2020లో అక్కడి పోలీసు శాఖ క్షమాపణ చెప్పింది. చాలా సినిమాలు ఆ పాటి క్షమాపణ కూడా చెప్పుకోవలసిన స్థితిలోనే ఉన్నాయి.

అయితే ఆ ఆక్షేపణ నా అభిప్రాయాన్ని కూలదోయలేదు, ఒక కొలతను ఇచ్చింది. ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’లో సియోల్ నుంచి వచ్చిన డిటెక్టివ్ ఒక బడిపిల్ల వీపు మీద దెబ్బకు ప్లాస్టర్ అంటిస్తాడు. చాలాసేపటి తర్వాత పొలంలో శవం దొరుకుతుంది. ఆ ప్లాస్టర్ చూసి ఆ పిల్లేనని గుర్తుపడతాడు. అంతవరకు కాగితాలు అబద్ధం చెప్పవని నమ్మిన మనిషి అక్కడ విరిగిపోతాడు. ఆ పిల్ల లెక్కలో మరొక అంకెగా మారకుండా ఆ చిన్న ప్లాస్టర్ ఆపింది. ఏ థ్రిల్లర్‌నైనా నేనిప్పుడు ఇలాంటి క్షణం ఒక్కటైనా ఉందా లేదా అనే చూస్తున్నాను.

ఆడవాళ్లే ఈ కథలను ఎక్కువగా చదువుతారన్నది కూడా ఇక్కడ గుర్తుకు వస్తుంది. అమెరికాలో 2010లో అమాండా వికరీ, క్రిస్ ఫ్రేలీ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, నిజ నేరగాథల పుస్తకాల వైపు మగవారి కన్నా స్త్రీలే ఎక్కువ మొగ్గు చూపారని, ముఖ్యంగా ఎలా తప్పించుకోవాలో చెప్పే పుస్తకాలను వారు ఇష్టపడ్డారని తేలింది. మా అక్క ఇలాంటి సినిమాలు వదలకుండా చూస్తుంది, రాత్రిపూట ఆటో ఎక్కితే నంబరు ఫొటో తీసి పంపుతుంది. భయపడి చూడడం మానేయవచ్చు కదా అంటే, “నేను చూడకపోతే బయట భయం తగ్గుతుందా?” అన్నది.

తుపాకి పేలినప్పుడు కొట్టే చప్పట్లు

నన్ను నిజంగా కలవరపెట్టేది వేరొకటి. వెతకడంలోని ఏకాగ్రతను ప్రేమించే మనం, ఆ ఏకాగ్రత దేన్నైనా చేయవచ్చని కూడా ఒప్పుకుంటున్నాం. అనుమానితుణ్ని కుర్చీకి కట్టి కొడితే హాల్లో ఈలలు వస్తాయి. చివర్లో కాల్చి చంపితే చప్పట్లు కొడతారు. తెరమీద హంతకుడు అతడేనని మనకు ముందే తెలుసు కాబట్టి దెబ్బలు న్యాయంగానే కనిపిస్తాయి. నిజమైన స్టేషన్‌లో ఎవరికీ ముందే తెలియదు.

హ్వాసాంగ్‌లో ఎనిమిదో హత్యకు ఒక మనిషిని పట్టుకుని శిక్ష కూడా వేశారు. అతడు వ్యవసాయ యంత్రాలు బాగుచేసే 22 ఏళ్ల యువకుడు, పోలియో వల్ల ఒక కాలు సరిగా పనిచేయదు. నిద్ర పోనివ్వకుండా కొట్టి తన చేత ఒప్పించారని అతడు చెబుతూనే వచ్చాడు. దాదాపు 20 ఏళ్లు జైల్లో ఉన్నాడు. ఆ హత్య కూడా లీ చూన్ జేదేనని తేలాక, 2020 డిసెంబరులో పునర్విచారణలో అతడు నిర్దోషి అని కోర్టు ప్రకటించింది. ఇక ‘మెమొరీస్ ఆఫ్ మర్డర్’ చివర రైలు సొరంగం దగ్గర, డీఎన్‌ఏ నివేదికలో సరిపోలలేదని వచ్చినా, సియోల్ డిటెక్టివ్ తాను అనుమానిస్తున్న ఒక యువకుడి మీద తుపాకి ఎత్తుతాడు. చూసేవారి మనసు కూడా ఆ క్షణంలో డిటెక్టివ్ పక్షానే ఉంటుంది. ప్లాస్టర్ అంటించిన చెయ్యి, తుపాకి పట్టిన చెయ్యి ఒకటే కావడం ఆ సినిమా మనకు చెప్పిన అత్యంత కఠినమైన సత్యం.

2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర, ‘దిశ’ అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితులను కాల్చి చంపినప్పుడు పోలీసుల మీద పూలు చల్లిన దృశ్యాలు మనమందరం చూశాం. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కర్ కమిషన్, వారిని చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని తన నివేదికలో తేల్చింది. పూలు చల్లినవారి బాధ నిజమైనదే, ఆ అమ్మాయికి జరిగిన దారుణం తలచుకుంటే కోపం రాని మనిషి ఉండడు. కానీ ఆ ముగింపు మనకు అంత పరిచయమైనదిగా, అంత సహజంగా తోచడంలో మన సినిమాల పాత్ర లేదని నేను అనలేను. దొరికిన వాణ్ని చంపడం మన ఓపికకు ముగింపు, దర్యాప్తుకు కాదు.

అందుకే తెలుగులో ఈ తరహా కథ రాసేవారికి మన పక్కనే ఉన్న ఒక కేసును చూపించాలనిపిస్తుంది. 2019 నవంబరులో పశ్చిమ గోదావరి పోలీసులు ఒక వ్యక్తిని అరెస్టు చేసి, 20 నెలల్లో పది మందిని ప్రసాదంలో సైనైడ్ కలిపి చంపాడని ప్రకటించారు. ఆ మరణాల్లో చాలావాటిని ఇంటివారు సహజ మరణాలనే అనుకున్నారు, అంత్యక్రియలూ జరిపించేశారు. ఏలూరులో ఒక వ్యాయామ ఉపాధ్యాయుడు చనిపోయినప్పుడు మాత్రం, ఆయన ఇంటి నుంచి తీసుకెళ్లిన బంగారం, డబ్బు ఏమయ్యాయని కుటుంబం పట్టుబట్టి అడిగింది. దారి అక్కడ తెరుచుకుంది. ఈ కథలో చిట్టీలు పంపే మేధావి లేడు, వెంటాడే కారు లేదు. స్టేషన్‌కు వచ్చి ‘గుండెపోటు అయితే బంగారం ఎటు పోయింది సార్’ అని అడిగే ఒక ఇల్లు, ఆ ప్రశ్నను విని కాల్ డేటా తెప్పించిన పోలీసులు ఉన్నారు. మిగతా ఇళ్లకు వెళ్లి, మీవాళ్లు మామూలుగా చనిపోలేదు అని చెప్పవలసిన ఘట్టం కూడా ఉంది. అది ఎలా చెబుతారు, తలుపు తీసింది ఎవరు, మొదట ఏం అడిగారు అన్నవి రాయగలిగిన రచయిత ఎవరైనా ఉంటే, ఆ సినిమాలో నాకు హంతకుడి ముఖం చూపించకపోయినా ఫర్వాలేదు.